సమస్యాపూరణం: అరువదియు నొక్కటియు సమమయ్యెఁ గాదె

నిర్వాహకుడు: ఈ వారం సమస్య తేటగీతి పాదం. కోణాల కొలతలతోనే పూరించాలి. ప్రభవాది సంవత్సరాలు, షష్టిపూర్తులు దయచేసి వద్దు.

పంచాంగప్రియ:
కలలె యరువది గూడినఁ గలుగు భాగ
వికల లరువదిఁ గూర్చిన వెలయుఁ గలయు
కొలత పేరులు వేఱైనఁ గోణ మొకటె
అరువదియు నొక్కటియు సమమయ్యెఁ గాదె

(భాగ అంటే డిగ్రీ. అందులో అరవయ్యో వంతు కల, కలలో అరవయ్యో వంతు వికల. నిద్రలో వచ్చే కల కాదండోయ్!)

పద్యపిపాసి:
గంట కరువది నిమిషముల్ గలవు కాన
కలయె నిమిషంబు భాగయే గంట యగును
దినము చుట్టును భూమియుఁ దిరుగు చుండ
అరువదియు నొక్కటియు సమమయ్యెఁ గాదె

నిర్వాహకుడు: పంచాంగప్రియ గారూ, మూడో పాదంతో చిక్కు చక్కగా విడిపోయింది. మొదటి రెండూ మాత్రం ఎక్కాల పుస్తకమే. పైగా 'కలయు' అంటే 'కలుస్తుంది' అనే అర్థమే ముందు తడుతోంది.

పద్యపిపాసి గారూ, గణాలూ యతులూ సరే, లెక్కే తప్పింది. భాగకు గంట పడితే భూమి ఒక్క చుట్టు తిరగడానికి 360 గంటలు, అంటే 15 రోజులు! నిజానికి గంటకు 15 భాగలు, నిమిషానికి 15 కలలు. కోణంలోనూ కాలంలోనూ 'నిమిషం' అనే మాటే వాడటంతో వచ్చిన తంటా ఇది. రెండో పాదం ఇలా మార్చి చూడండి:

కలలు పదునైదు నిమిషానఁ గడచి పోవు

పద్యపిపాసి: మార్చేశానండీ. 'నిమిషాన' వ్యావహారికం కదా, చెల్లుతుందా? ఇంకోటి, సమస్యలో నాలుగో గణం 'మయ్యె'. అ–మ యతి ఎలా?

నిర్వాహకుడు: సమము + అయ్యె. సంధిలో కలిసిన 'అ'కే యతి. 'నిమిషాన' సంగతి ఎవరైనా అడిగితే నా మీదకు తోసేయండి.

గురులఘువు: పూరణ రాలేదు గానీ ఒక లెక్క వచ్చింది. పది గురువులు పలికే కాలం ఒక ప్రాణం, అంటే 4 సెకన్లు. ఒక ప్రాణంలో నక్షత్రచక్రం ఒక కల జరుగుతుందని ఆర్యభటుడు చెప్పాడు. చుట్టుకు 21,600 కలలు, రోజుకు 21,600 ప్రాణాలు. సమస్య పాదంలో 18 మాత్రలు, అంటే 9 గురువుల కాలం. అది చదివేలోపు ఆకాశం 54 వికలలు జరుగుతుంది. పంచాంగప్రియ గారి పద్యం మొత్తం 70 మాత్రలు: 14 సెకన్లు, 3 కలల 30 వికలలు. అదే పద్యపిపాసి గారి పాత పాదం ప్రకారమైతే 14 వికలలే!