సోషియాలజీ వ్యవస్థాపకుల పాఠంలో అంబేద్కర్ ఉండాలా, అక్కర్లేదా?

చాక్‌పీస్:
పదమూడేళ్లుగా డిగ్రీ పిల్లలకి సోషియాలజీ చెప్తున్నాను. ఏటా మొదటి యూనిట్ ఒకటే, వ్యవస్థాపకులు. కామ్టే మూడు దశలు, స్పెన్సర్ సమాజాన్ని జీవితో పోల్చడం, మార్క్స్ వర్గ పోరాటం, దుర్ఖైమ్ శ్రమ విభజన, వెబర్ ప్రొటెస్టంట్ నీతి. నేను చెప్తాను, వాళ్లు రాసుకుంటారు, పరీక్షలో తిరిగి నాకే రాసిస్తారు. ఈసారి రెండో బెంచీ అమ్మాయి ఒకతె లేచి "మేడమ్, వీళ్లలో ఎవరైనా మన దేశానికి వచ్చారా?" అని అడిగింది. ఎవరూ రాలేదమ్మా అన్నాను. "మరి వెబర్ హిందూమతం మీద, కులం మీద పుస్తకమే రాశాడని నిన్న చెప్పారుగా" అంది. క్లాసంతా నవ్వారు, నాకు మాత్రం ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు.

వెబర్ రాసిన ఆ వ్యాసాలు 1916-17లో అచ్చయ్యాయి. జర్మనీలో కూర్చుని, అనువాదాలూ ఇక్కడి జనాభా లెక్కల రిపోర్టులూ ముందేసుకుని రాశాడు. శ్రద్ధగానే చదివాడు, కాదనను. కానీ సరిగ్గా అదే 1916లో, మే 9న, న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ సెమినార్‌లో పాతికేళ్ల అంబేద్కర్ కులం మీద ఒక పేపర్ చదివారు. మరుసటి ఏడాది అది ఇండియన్ యాంటిక్వరీ అనే పత్రికలో వచ్చింది. కులానికి ప్రాణం అంటుముట్టు కాదు, సహపంక్తి భోజనం లేకపోవడం కాదు, సొంత గుంపులోనే పెళ్లి చేసుకోవడం, అంటే అంతర్వివాహం అన్నారు. బయటి సంబంధం రాకుండా కట్టడి చెయ్యాలంటే ఆ గుంపులో ఆడామగా లెక్క సరిపోవాలి కదా, మరి మొగుడు పోయిన ఆడది, పెళ్లాం పోయిన మగాడు ఇద్దరూ ఆ లెక్కలో మిగిలిపోతారు. సతి, బలవంతపు వైధవ్యం, పసిపిల్లలకి పెళ్లి, ఈ మూడూ ఆ లెక్క సరిచేసుకోడానికే వచ్చాయని ఒక్కో మెట్టూ కట్టుకుంటూ పోతారు. మిగతా కులాలు ఎలా పుట్టాయంటే, పైవాళ్లని చూసి కొందరు తలుపు వేసుకున్నారు, మిగిలినవాళ్లు వచ్చేసరికి తలుపు మూసి ఉంది. కింది కులాలు పైవాళ్ల ఆచారాలు పట్టుకోవడానికి మన సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ 'సంస్కృతీకరణ' అని పేరు పెట్టి చెప్పిన పుస్తకం 1952లో వచ్చింది. అప్పటికి అంబేద్కర్ పేపర్‌కి ముప్ఫై ఆరేళ్లు.

మా సిలబస్‌లో అంబేద్కర్ చివరి యూనిట్‌లో ఉంటారు, 'సంఘ సంస్కర్తలు' అనే శీర్షిక కింద. నా మాట ఏంటంటే ఆయన మొదటి యూనిట్‌లో, దుర్ఖైమ్ పక్కన, వెబర్ పక్కన ఉండాలి. మీరేమంటారు?

రెండో అటెంప్ట్:
మేడమ్, గ్రూప్స్‌కి చదువుతున్నా. 'సమాజశాస్త్ర పితామహుడు ఎవరు' అని బిట్ వస్తే కామ్టే అనే పెట్టాలి కదా, ఇలాంటి చర్చలు చదివితే నాకు టెన్షన్ ఎక్కువవుతోంది.

చాక్‌పీస్:
కామ్టే అనే పెట్టు నాన్నా. 'సోషియాలజీ' అనే మాటని 1839లో అచ్చులోకి తెచ్చింది ఆయనే. అంతకుముందు 'సామాజిక భౌతికశాస్త్రం' అనేవాడు, ఆ పేరు బెల్జియం గణాంకవేత్త క్వెట్లే వాడేసరికి ఇంకో పేరు వెతుక్కున్నాడు. పేరు పెట్టినవాడికి ఆ మార్కు ఇచ్చేద్దాం. నేను అడుగుతున్నది పేరు గురించి కాదు.

గోదారి గట్టు:
అమ్మా చాక్‌పీస్, నేను రిటైరై ఎనిమిదేళ్లయింది, ఇదే పాఠం ముప్ఫై ఏళ్లు చెప్పాను కాబట్టి కాస్త గట్టిగానే మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. అంబేద్కర్ గొప్పతనం గురించి నాతో వాదం అక్కర్లేదు. కానీ వ్యవస్థాపకుడు అంటే గొప్పవాడు అని కాదు. ఇల్లు కట్టినవాడు అని. దుర్ఖైమ్‌ని చూడండి, 1887లో బోర్డోలో పాఠాలు మొదలుపెట్టాడు. అప్పటికి ఫ్రాన్స్‌లో ఈ సబ్జెక్టు ఎవరికీ పట్టదు. 1895లో పద్ధతి ఏమిటో రాశాడు, 1897లో ఆ పద్ధతితో ఏం చెయ్యొచ్చో చేసి చూపించాడు, 1898లో పత్రిక పెట్టాడు, చుట్టూ ఒక బడి తయారుచేశాడు. ఆ చేసి చూపించింది కూడా దేని మీద? ఆత్మహత్య మీద. మనిషి ఒంటరిగా, తనకి తాను చేసుకునే పని అని అందరూ అనుకునే దాని మీద. ఆయన మేనల్లుడు మార్సెల్ మాస్ సుమారు 26,000 కేసుల కాగితాల్ని చేత్తో విడదీశాడు, వయసెంత, ఆడా మగా, పెళ్లయిందా, పిల్లలున్నారా అని. కంప్యూటర్ లేదు, కాలిక్యులేటర్ లేదు. ఆ దొంతర్లలోంచి తేలింది ఏంటంటే ప్రొటెస్టంట్లలో కంటే కేథలిక్కుల్లో తక్కువ, ఒంటరివాళ్లలో కంటే సంసారుల్లో తక్కువ, దేశం ఒక్కసారిగా చితికినప్పుడే కాదు ఒక్కసారిగా కలిసొచ్చినప్పుడు కూడా ఎక్కువ.

మన దగ్గర ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారం పేపర్లు చూస్తే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది. ప్రతి ఇంట్లోనూ 'పిల్లాడు సెన్సిటివ్' అంటారు. ఒక్క పిల్లాడి గురించి అయితే సరే, ప్రతి ఏడూ అదే నెలలో ఎందుకు అని అడగడం నేర్పింది దుర్ఖైమ్. దాన్ని సోషియాలజీ అంటారు. ఒక్క సెమినార్ పేపర్‌కి ఆ పీట వెయ్యడం నాకు సబబు అనిపించట్లేదు.

చార్మినార్ చాయ్:
యూరప్ దాకా ఎందుకు సార్, అరబ్బు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ ఉన్నాడు కదా. 1332లో ట్యూనిస్‌లో పుట్టాడు, 1377లో 'ముఖద్దిమా' రాశాడు, అంటే కామ్టే కంటే నాలుగున్నర శతాబ్దాల ముందు. ఎడారి తెగల్లో ఉండే కట్టుబాటుని 'అసబియ్యా' అన్నాడు. అది బలంగా ఉన్నవాళ్లు వచ్చి పట్నాన్ని గెలుస్తారు, పట్నం సుఖం మరిగాక అది కరిగిపోతుంది, మూడు తరాల్లో ఇంకో తెగ వచ్చి కూర్చుంటుంది అని లెక్క చెప్పాడు. రాజులు దేవుడి దయవల్ల గెలిచారని రాసే రోజుల్లో ఇలా రాశాడు. దుర్ఖైమ్ సంఘీభావం అన్నప్పుడల్లా నాకు ఈయనే గుర్తొస్తాడు.

ఎర్రమందారం:
గోదారి గట్టు మాస్టారూ, మీ కొలత ప్రకారం మార్క్స్‌ని కూడా తీసెయ్యాలి. ఆయనకి యూనివర్సిటీ ఉద్యోగం ఎప్పుడూ రాలేదు. సోషియాలజిస్టునని ఒక్కసారి కూడా చెప్పుకోలేదు, కామ్టే అంటే లెక్కే లేదు. బ్రిటిష్ మ్యూజియం రీడింగ్ రూమ్‌లో కూర్చుని ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల రిపోర్టులు తిరగేస్తూ రాశాడు. పత్రికా లేదు, డిపార్ట్‌మెంటూ లేదు. అయినా ఏ సిలబస్ ఆయన్ని వదిలిపెట్టింది? ఇల్లు కట్టినవాడే వ్యవస్థాపకుడనే నియమం మార్క్స్‌కి లేకుండా అంబేద్కర్‌కి మాత్రం ఎందుకు?

గోదారి గట్టు:
సరే, అక్కడ నాకు దెబ్బ తగిలింది. ఒప్పుకుంటున్నాను. వెబర్ కూడా ఆర్థికశాస్త్రం ప్రొఫెసరే. ఇబ్న్ ఖల్దూన్ మాత్రం వేరే సంగతి, ఆయన ఆలోచన యూరప్‌కి చేరేసరికి చాలా ఆలస్యమైంది, ఆయన వేసిన బాటలో నడిచి ఈ శాస్త్రం రాలేదు.

చాక్‌పీస్:
మాస్టారూ, ఎర్రమందారం చెప్పింది ఇంకాస్త ముందుకి తీసుకెళ్తాను. మార్క్స్, దుర్ఖైమ్, వెబర్ అని మనం త్రిమూర్తుల్లా చెప్పుకుంటాం కదా, ఈ ముగ్గురూ తమంతట తాము ఒక పీట మీద కూర్చోలేదు. దుర్ఖైమ్, వెబర్ ఒకే కాలంలో బతికి, పక్కపక్క దేశాల్లో రాస్తూ కూడా ఒకరినొకరు పట్టించుకోలేదు. 1937లో అమెరికాలో టాల్కాట్ పార్సన్స్ అనే సోషియాలజిస్టు పెద్ద పుస్తకం రాసినప్పుడు ఆయన ఎంచుకున్న నలుగురు మార్షల్, పరేటో, దుర్ఖైమ్, వెబర్. మార్షల్ పేరు ఇవాళ సోషియాలజీ పిల్లల్లో ఎంతమందికి తెలుసు? మార్క్స్ ఆ నలుగురిలో లేడు. 1971లో బ్రిటన్ సోషియాలజిస్టు గిడెన్స్ మార్క్స్, దుర్ఖైమ్, వెబర్‌లని కలిపి రాశాడు, ఆ కాలం నుంచే ఈ ముగ్గురి జట్టు పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది. అంటే ఈ పీటలు తరవాతి తరాల వాళ్లు వేసినవి. వాళ్లకి ఏది అవసరమో దాన్నిబట్టి వేశారు. అలాంటప్పుడు మనకి అవసరమైన పీట మనం వేసుకోడానికి ఎవర్ని అడగాలి?

ఇంకోటి, పేపర్‌లో అంబేద్కర్ అనుకరణ గురించి చెప్పేటప్పుడు గాబ్రియెల్ టార్డ్ సూత్రాల్ని తీసుకుంటారు. టార్డ్ ఎవరు? ఫ్రాన్స్‌లో దుర్ఖైమ్‌కి ఎదురు నిలబడి వాదించినవాడు. సమాజం మనిషికి బయట ఉండి ఒత్తిడి తెస్తుందని దుర్ఖైమ్ అంటే, కాదు, ఒకర్ని చూసి ఒకరు చెయ్యడం లోంచే సమాజం పుడుతుందని టార్డ్ అన్నాడు. అంబేద్కర్ ఆ గొడవలోంచి తనకి కావలసిన పనిముట్టు తీసుకుని కులం మీద పెట్టి చూశారు. సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిజ్లీ, కేత్కర్, అంతవరకు కులం మీద రాసిన నలుగురి నిర్వచనాల్నీ ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ ఎక్కడ చాలదో చూపించారు. ఇది సంస్కర్త ప్రసంగం కాదు మాస్టారూ.

డల్లాస్ తెలుగు:
చాక్‌పీస్ గారూ, మీ వాదనకి బలం ఇంకోచోట ఉంది. అమెరికా నల్లజాతి సోషియాలజిస్టు డు బోయిస్. 1896లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఆయన్ని పిలిచి ఫిలడెల్ఫియా సెవెన్త్ వార్డ్‌లో నల్లవాళ్ల మీద సర్వే చెయ్యమంది. పాఠం చెప్పే పని ఇవ్వలేదు. హార్వర్డ్ డాక్టరేట్ ఉన్న మనిషి, కొత్తగా పెళ్లయింది, భార్యతో కలిసి అదే వార్డ్‌లో ఒక గది తీసుకుని ఉండి, కాగితాల కట్ట పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. ఆ వార్డ్‌లో 9,675 మంది నల్లవాళ్లు. ఎవరేం పని చేస్తున్నారు, ఎంత అద్దె కడుతున్నారు, ఇంట్లో ఎంతమంది, ఎక్కడ పుట్టారు, అన్నీ అడిగి రాసుకున్నాడు. 1899లో పుస్తకం వచ్చింది. మరుసటి ఏడాది పారిస్ ఎగ్జిబిషన్‌కి శిష్యులతో కలిసి చేత్తో రంగులేసి చార్టులు గీసి పంపించాడు, వాటిని ఇప్పటికీ చూడొచ్చు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చారలు, ఒకదాంట్లో గీత నత్తగుల్లలా చుట్టుకుంటూ పోతుంది. 1904లో వెబర్ అమెరికా వచ్చినప్పుడు ఈయన్ని కలిసి, తన పత్రికకి వ్యాసం అడిగి 1906లో వేసుకున్నాడు. వెబర్‌కి తెలిసిన విలువ అమెరికా డిపార్ట్‌మెంట్లకి తెలియడానికి వందేళ్లు పట్టింది. 1946లో అంబేద్కర్ డు బోయిస్‌కి ఉత్తరం రాశారు, అస్పృశ్యుల స్థితికీ ఇక్కడి నల్లవాళ్ల స్థితికీ చాలా పోలిక ఉందని. జూలై 31న ఆయన జవాబు రాశాడు. ఇద్దర్నీ ఒకే పేజీలో పెట్టండి.

ఇక్కడ మా ఊళ్లో కూడా సంబంధాల వాట్సాప్ గ్రూపులు కులానికొకటి ఉన్నాయి. వీసా మారింది, గ్రీన్‌కార్డ్ వచ్చింది, ఆ గ్రూపులు మాత్రం అలాగే ఉన్నాయి. 2023లో సియాటెల్ సిటీ కౌన్సిల్ కుల వివక్షని నిషేధించిందంటే ఊరికే కాదు.

హారియట్ ఫ్యాన్:
అందరూ మగవాళ్ల పేర్లే చెప్తున్నారు. ఇంగ్లండ్ రచయిత్రి హారియట్ మార్టినో 1838లో, సోషియాలజీ అనే మాట అచ్చులోకి రాకముందే, సమాజాన్ని ఎలా గమనించాలో పుస్తకం రాసింది. చెవులు సరిగ్గా వినపడవు, గొట్టం పెట్టుకుని అమెరికా అంతా తిరిగి జనాన్ని మాట్లాడించింది. కామ్టే ఆరు సంపుటాల్ని 1853లో రెండిటికి కుదించి ఇంగ్లీషులో పెట్టింది కూడా ఆవిడే.

గోదారి గట్టు:
డు బోయిస్ విషయంలో నాకు పేచీ లేదు, ఆయన లెక్కపెట్టాడు. నా అభ్యంతరం అక్కడే ఉందమ్మా. అంబేద్కర్ ఆ పేపర్‌లో లెక్కలు లేవు. ఏ ఊరికీ వెళ్లి అడిగింది కాదు. ఆడామగా సంఖ్య సరిపోవాలి కాబట్టి ఇలా జరిగి ఉంటుందని తర్కంతో కట్టింది. ఆయనే దాన్ని తుదిమాట అనలేదు. తర్కం ఎంత అందంగా ఉన్నా, చూసి తేల్చుకోకపోతే అది ఊహే. హైదరాబాద్ దగ్గర మన శామీర్‌పేటలో ఆంత్రోపాలజిస్టు ఎస్.సి. దూబే కూర్చుని ఊరంతా రాసుకుని 1955లో పుస్తకం వేశాడు, నన్నడిగితే మన పిల్లలకి ముందు అది చూపించాలి.

చాక్‌పీస్:
మాస్టారూ, దూబేని చూపిద్దాం, తప్పకుండా. మీ అభ్యంతరంలో న్యాయం ఉంది, అది చదువుతుంటే నాకు కూడా తట్టింది. కానీ వెబర్ ప్రొటెస్టంట్ నీతి కూడా ఎక్కువ భాగం అలాంటి తర్కమే, దాన్ని నిజమా కాదా అని వందేళ్లుగా మిగతావాళ్లు తేల్చుకుంటున్నారు. అలా తేల్చుకోడానికి పనికొచ్చే ప్రశ్న ఇవ్వడమే అంబేద్కర్ కూడా చేసింది.

పోయిన సోమవారం నేను ఒక పని చేశాను. ఆదివారం పేపర్ పెళ్లి సంబంధాల పేజీలు తీసుకెళ్లి నలుగురికి ఒక పేజీ ఇచ్చాను. ఏం వెతకాలో చెప్పలేదు. మార్కర్లు పట్టుకుని మొదట జీతాలు గీశారు, తర్వాత ఎత్తు, తర్వాత రంగు. కాసేపటికి వెనక బెంచీ అబ్బాయి "మేడమ్, ప్రకటనలన్నీ కులాల కిందే విడదీసి ఉన్నాయి, పేజీయే అలా కట్టారు" అన్నాడు. అంతవరకు ఎవరికీ కనపడలేదు, ఎందుకంటే అది ప్రకటనలో లేదు, పైన శీర్షికలో ఉంది. 'కులపట్టింపు లేదు' అన్నవాళ్లకి ఓ మూల వేరే గడి. అప్పుడు అంబేద్కర్ పేపర్ తీసి అంతర్వివాహం గురించి ఆ రెండు పేరాలు చదివాను. ఆ రోజు నోట్సు చెప్పలేదు. రెండో బెంచీ అమ్మాయి పేజీ మడిచి బ్యాగులో పెట్టుకుంది, ఇంట్లో చూపిస్తానంది.

గోదారి గట్టు:
ఇంట్లో ఏమన్నారో రాయండమ్మా. ఆ పాఠం బావుంది. మొదటి యూనిట్ అన్నదానికి మాత్రం నేను ఇంకా పూర్తిగా రాలేదు.

రెండో అటెంప్ట్:
మేడమ్, అంబేద్కర్ పేపర్ దొరికింది, చదివాను. ఒక డౌట్. మొగుడు పోయిన ఆడదాన్ని కాల్చారు లేదా విధవగా ఉంచారు. పెళ్లాం పోయిన మగాడు కూడా లెక్కలో మిగిలినవాడే కదా, మరి వాడినెందుకు కాల్చలేదు?

చాక్‌పీస్:
ఇంకోసారి చదువు, జవాబు ఆయనే ఇచ్చారు. మగాడు కాబట్టి. పెత్తనం వాడిదీ, గుంపుకి పనిచేసే చెయ్యి పోతుందనే భయం కూడానూ. సన్యాసం రుద్దితే గుంపు సంఖ్య తగ్గుతుంది. అందుకని వాడికి పెళ్లాం కావాలి, ఈడొచ్చిన ఆడపిల్లలంతా లెక్క ప్రకారం వేరేవాళ్లకి సరిపోయారు, కాబట్టి ఇంకా ఈడు రాని పిల్లని తెచ్చి కట్టబెట్టారు.