శనివారం ఆర్ఆర్ఆర్ గవర్నర్ వేషధారి రే స్టీవెన్సన్ సంస్మరణ సభ: హాల్ వాళ్ల మెయిల్ చూడండి (అర్జెంట్)

కార్యదర్శి: పనుల లిస్టు మళ్లీ పెడుతున్నాను. ప్రొజెక్టర్, ఆర్ఆర్ఆర్ క్లిప్పులు, పులిహోర, పిల్లల డాన్సు, పార్కింగ్. పేర్లు రాయండి. ఇంకో తలనొప్పి. సినిమా ప్రదర్శన లైసెన్సు చూపించకపోతే రెండు నిమిషాల క్లిప్పు కూడా వెయ్యనివ్వరట. రేపటిలోగా జవాబివ్వాలి.

కోశాధికారి: డబ్బుల్లేవు. ఉగాది లోటే ఇంకా పూడలేదు.

యూత్ టీమ్: క్లిప్పుల్లేకుండా ఏం ప్రోగ్రాం అంకుల్? పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేసేద్దాం, ఎవరడుగుతారు?

కార్యదర్శి: డిపాజిట్ పోతే నువ్వు కడతావా?

ఫుడ్ కమిటీ: నేను ముందే చెప్పా. మల్లిని ఎత్తుకెళ్లిన దొరకి మనం దండ వెయ్యడమేంటి?

క్రామ్లింగ్టన్ నుంచి: వదినా, అది వేషం. మనిషి ఉత్తర ఐర్లాండ్ లిస్బర్న్‌లో పుట్టినా పెరిగింది ఇక్కడే, లెమింగ్టన్‌లో, మా క్రామ్లింగ్టన్‌లో. న్యూకాజిల్ తెలుగువాళ్లం మనం తలుచుకోకపోతే ఎలా?

ఫుడ్ కమిటీ: అయితే పులిహోర కూడా మీ క్రామ్లింగ్టన్ వాళ్లే చేసుకోండి.

నాటకాల బాబాయ్: ఆగండమ్మా. సినిమా సంగతి వదిలేద్దాం, ఆయన స్టేజీ ఎక్కి వచ్చినవాడు. ఇంటీరియర్ డిజైన్ పని చేసుకుంటూ, ముప్పై దగ్గరపడ్డాక బ్రిస్టల్ ఓల్డ్ విక్ స్కూల్లో నటన నేర్చుకున్నాడు. 2000లో యార్క్ మిన్‌స్టర్ చర్చిలో ‘మిస్టరీ ప్లేస్’ అనే పాతకాలపు బైబిల్ నాటకాలు వేస్తే అందులో ఏసుక్రీస్తు ఆయనే. తర్వాత ‘రోమ్’ సీరియల్లో సిపాయి టైటస్ పుల్లో. మనకి తెలిసింది ఒక్క గవర్నర్ బక్స్‌టనే. ఎన్టీఆర్ రాముడు వేసినా రావణుడు వేసినా చప్పట్లు కొట్టాం కదా!

ఫుడ్ కమిటీ: ఏసు వేషమా? ఈ ముక్క ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదే.

యూత్ టీమ్: ఆయన పోయినప్పుడు ఆర్ఆర్ఆర్ టీమ్ కూడా రాసింది బాబాయ్. 56 ఏళ్ల వయసులో కష్టమైన స్టంట్‌కి వెనకాడలేదని. 2023 మే 21న, ఇటలీ షూటింగులో ఉండగా పోయారు. ఇంకో నాలుగు రోజులైతే 59 నిండేవి.

నాటకాల బాబాయ్: అదే మైకులో చెప్పు. బుల్లెట్ ఖర్చు లెక్కగట్టే సీను మనమే వేద్దాం. గవర్నర్ నువ్వే, పొడుగున్నావు.

కోశాధికారి: ఖర్చు లెక్క నాకు బాగా నప్పుతుంది. నేనే వేస్తా.

కార్యదర్శి: వెయ్యండి, పైసా ఖర్చు లేదు. బూట్లు ఎవరి దగ్గరున్నాయి?

క్రామ్లింగ్టన్ నుంచి: మా ఆయనవి పన్నెండో నంబరు.

ఫుడ్ కమిటీ: కాగితం కుక్కి తొడగండి. పులిహోర తెస్తాలే.

పార్కింగ్: ప్రొజెక్టర్ నా కార్లోనే ఉంది. తేవాలా?