'ఇండియా ఔట్' అన్నవాళ్లకు ఉల్లిపాయలు పంపడం సరైన పనేనా?

కర్నూలువాసి:
మాల్దీవుల్లో ముయిజ్జు 'ఇండియా ఔట్' అంటూ అధ్యక్ష ఎన్నికల్లో గెలిచి, 2023 నవంబరులో గద్దెనెక్కగానే మన సైనికులను వెళ్లిపొమ్మన్నారు. 2024 జనవరిలో అక్కడి ముగ్గురు ఉపమంత్రులు మన ప్రధానిని నోటికొచ్చినట్టు తిట్టారు. అదే ఏప్రిల్‌లో మన ప్రభుత్వం వాళ్లకు బియ్యం, చక్కెర, 35 వేల టన్నులకు పైగా ఉల్లి పంపడానికి అనుమతిచ్చింది. అప్పటికి మన దేశంలో ఉల్లి ఎగుమతిపై నిషేధం ఉంది. మా రైతు బయటికి అమ్ముకోకూడదు గానీ, మనల్ని తిట్టినవాళ్లకు మాత్రం సరుకు వెళ్లాలా?

తీరవాసి:
మీ బాధ న్యాయమైనదే అండీ. కానీ ఆ సరుకు ముయిజ్జు గారి ఇంటికి పోలేదు. బియ్యం పండని పగడపు దీవులవి, గుడ్లు కూడా మన దగ్గర్నుంచే వెళ్తాయి. ఆ ఏడాది కోటా 42 కోట్ల గుడ్ల పైమాటే. 1981 నాటి ఒప్పందం ప్రకారం ఏటా జరిగే ఏర్పాటు ఇది. ఎవరు గెలిచారన్నది చూసి ఆపేస్తే, రేపు మన మాట ఎవరు నమ్ముతారు?

మన తెలుగువాళ్లకు బాగా గుర్తుండాల్సిన సంగతి ఒకటుంది. 2012లో వాళ్ల రాజధాని మాలే విమానాశ్రయం కాంట్రాక్టు నుంచి మన తెలుగువారు పెట్టిన కంపెనీ జీఎంఆర్‌ను అర్ధాంతరంగా పంపించేశారు. కంపెనీ మధ్యవర్తుల విచారణకు, అంటే ఆర్బిట్రేషన్‌కు వెళ్లి పరిహారం రాబట్టుకుంది. ఆ కేసు నడుస్తుండగానే, 2014 డిసెంబరులో మాలేలో ఉప్పునీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు నిప్పంటుకుని ఆగిపోయింది. లక్ష మందికి తాగునీళ్లు లేవు. మనవాళ్లు వెంటనే విమానాల్లో నీళ్లు పంపారు, వెనకే నౌకాదళం ఓడలు వెళ్లాయి. కేసు దారి కేసుది, దాహం దగ్గర దాహం. నాకు ఇదే సరైన పద్ధతి.

లెక్కలమాస్టారు:
మంచితనం ఒక్కటే పనిచేసిందంటే ఒప్పుకోను. మన జనం ఊరుకోలేదు, టికెట్లు రద్దు చేసుకున్నారు. 2023లో అక్కడికి 2 లక్షల మందికి పైగా భారతీయులు వెళ్తే, మరుసటి ఏడాది 1.3 లక్షల దగ్గరికి పడిపోయింది. పైగా వాళ్లకు అప్పుల టెన్షన్. అందుకే 2024 అక్టోబరులో ముయిజ్జు ఢిల్లీ వచ్చి 40 కోట్ల డాలర్ల కరెన్సీ స్వాప్ (డాలర్ల కొరత తీరేలా తాత్కాలికంగా కరెన్సీ మార్చుకునే) ఒప్పందం చేసుకుని వెళ్లారు.

తీరవాసి:
మాస్టారూ, ఎక్కడికి టూర్ వెళ్లాలో జనం ఇష్టం. ప్రభుత్వం కూడా అలిగి కూర్చుని ఉంటే ఆయన వచ్చేవారా? సైనికులు వద్దంటే, 2024 మే 10 లోపు మనవాళ్లు వచ్చేసి, అక్కడున్న మన హెలికాప్టర్లు, డోర్నియర్ అనే చిన్న విమానం నడపడానికి సైన్యానికి చెందని సాంకేతిక సిబ్బంది వెళ్లారు. దీవుల్లోంచి రోగులను ఆసుపత్రికి చేర్చే విమానాలవి. అదే నెలలో 5 కోట్ల డాలర్ల బాకీకి గడువు కూడా పెంచారు. జూన్‌లో మోదీ ప్రమాణ స్వీకారానికి ముయిజ్జు వచ్చారు. 2025 జులైలో వాళ్ల 60వ స్వాతంత్ర్య దినోత్సవానికి మన ప్రధానే ముఖ్య అతిథి. తలుపు మూసేసుంటే ఇవేవీ జరిగేవి కావు.

లెక్కలమాస్టారు:
మరి మనతో 2019లో చేసుకున్న సముద్ర సర్వే ఒప్పందాన్ని పొడిగించబోమని చెప్పేశారు కదా? చైనా పరిశోధన నౌకను మాలే రేవులోకి రానిచ్చారు. స్నేహం సరే, సముద్రం మీద ఒక కన్ను వేసి ఉంచాల్సిందే.

కర్నూలువాసి:
నీళ్ల సంగతి చదివాక వాళ్లకు సరుకు ఆపమని నేనూ అనను. కానీ నిషేధం రోజుల్లో పొరుగుదేశానికి ఇచ్చిన మినహాయింపు, పంట చేతికొచ్చిన మా రైతుకు ఎందుకివ్వలేదు? దానికి మాత్రం మీ ఇద్దరిలో ఎవరూ జవాబు చెప్పలేదు.