కెప్టెన్ కిడ్ ఓడదొంగా, రాజు పంపిన మనిషా?

చరిత్రాభిమాని:
1701 మే 23న లండన్‌లో విలియం కిడ్‌ను ఓడదొంగ అని ఉరితీశారు. మొదటిసారి తాడు తెగితే మళ్లీ ఎక్కించారు. ఓడదొంగలను, ఫ్రెంచ్ ఓడలను పట్టుకోమని ఇదే మనిషికి ఐదారేళ్ల ముందు రాజు మూడో విలియం పేరు మీద పత్రాలిచ్చారు. ఆ యాత్రకు డబ్బు పెట్టింది ఇంగ్లండ్‌లోని విగ్ పార్టీ ప్రభువులు.

అతను ప్రైవేటీరే, అంటే రాజు అనుమతి పత్రంతో శత్రు ఓడలను పట్టుకునేవాడే, పెద్దలు చెయ్యి వదిలేశారు అంటాను. 1698 జనవరిలో మలబారు తీరాన పట్టుకున్న క్వెదా మర్చంట్ అనే ఓడనే చూడండి. బెంగాల్ నుంచి సూరత్‌కు పట్టు, మస్లిన్, పంచదారతో వెళ్తోంది. సరుకు ఆర్మేనియన్ వర్తకులది, కెప్టెన్ ఇంగ్లీషువాడు. కిడ్ ఫ్రెంచ్ జెండా ఎగరేస్తే, వాళ్లు ఫ్రెంచ్ కంపెనీ ఇచ్చిన పాస్, అంటే ప్రయాణ రక్షణ పత్రం, తీసి చూపించారు. పాస్ ఫ్రెంచిదైతే ఓడా ఫ్రెంచిదే అనొచ్చు, కిడ్‌కు కావలసిందీ అదే. ఆ పాస్‌ను తన మదుపుదారుడు లార్డ్ బెలమాంట్‌కే అప్పగించాడు. విచారణలో ఎంత అడిగినా అది బయటకు రాలేదు. ఇరవయ్యో శతాబ్దంలో ప్రభుత్వ దస్త్రాల్లోనే దొరికింది!

తీరవాసి:
పాస్ ఉంటే చాలదండీ. పట్టుకున్న ఓడను ప్రైజ్ కోర్టు (అలాంటి ఓడల వ్యవహారం తేల్చే కోర్టు) ముందు పెట్టి, అది శత్రువుదే అని తేలాక పంచుకోవాలి. కిడ్ సరుకు చాలావరకు ఆ తీరంలోనే అమ్మేశాడు. పైగా 1697 ఆగస్టులో, ఏ ఫ్రెంచ్ పాసూ చూడకముందే, ఎర్ర సముద్రంలోని మోఖా రేవు నుంచి వస్తున్న మొఘల్ ఓడల వెంటపడ్డాడు. కాపలాగా ఉన్న ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడే అతన్ని తరిమింది. అందులో ఫ్రెంచ్‌వాళ్లెవరు? తన ఓడలోనే ఫిరంగులు చూసే గన్నర్ విలియం మూర్‌ను ఇనుప పట్టీల బకెట్‌తో తలమీద కొట్టి చంపిన సంగతి వేరే.

చరిత్రాభిమాని:
తీరవాసి గారూ, మోఖా దగ్గర చేతికేమీ చిక్కలేదు. మూర్ హత్య ఘోరమే, కానీ అది ఓడదొంగతనం కాదు. "వేట దొరక్కపోతే జీతం లేదు" అనే ఒప్పందం మీద మనుషుల్ని ఎక్కించి ఏడాదికి పైగా ఖాళీగా తిప్పితే వాళ్లు కెప్టెన్ మాట వింటారా? ఆ ఒప్పందం పెట్టించిన ప్రభువులను ఎవరూ ఉరితీయలేదు. 1695లో ఇంగ్లీషు ఓడదొంగ హెన్రీ ఎవరీ ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయిని దోచాక సూరత్‌లో కంపెనీ మనుషుల్ని బంధించారు. మొఘలులకు చూపించడానికి కంపెనీకి ఒక దోషి కావాలి, విగ్గులను ఇరికించడానికి వాళ్ల ప్రత్యర్థి పార్టీ టోరీలకు ఒక సాక్షి కావాలి. రెంటికీ కిడ్ దొరికాడు.

ఇంకో మాట. మరాఠా రాజు ఛత్రపతి సాహు నుంచి సర్‌ఖేల్ (నౌకాదళాధిపతి) పదవి పొందిన కాన్హోజీ ఆంగ్రే తన పాస్ లేని ఓడలను పట్టుకుంటే, కంపెనీ అతన్నీ ఓడదొంగ అనే రాసింది. పత్రమిచ్చింది ఇంగ్లండ్ రాజు కాదు కదా!

తీరవాసి:
ఆంగ్రే విషయంలో మీతో ఏకీభవిస్తాను. తన రాజ్యం తీరంలో పన్ను వసూలు చేసిన నౌకాధిపతి ఆయన. కిడ్‌ను ఆయన పక్కన నిలబెట్టడం మాత్రం ఒప్పుకోను. బెంగాల్‌లో సరుకు ఎక్కించిన ఆర్మేనియన్లు ఇంగ్లండ్‌కు ఏ విధంగా శత్రువులు? దారిలో ఏ యూరప్ ఓడ ఆపినా గొడవ లేకుండా బయటపడాలని పాస్‌లు దగ్గర పెట్టుకున్నారు. ఆ భయాన్నే వాడుకుని, జెండా మార్చి, దొరికిందంతా అమ్ముకున్నవాడికి ఫ్రెంచ్ కాగితం రక్షణ ఎలా అవుతుందో చెప్పండి.