మూడు నెలల్లో షుగర్ దిగింది, ఇంకేం రుజువు కావాలి?

గోదారబ్బాయి:
అన్నం పూర్తిగా మానేశా. రోజుకు 80 గ్రాముల కొబ్బరినూనె, నిమ్మకాయలు, సూపులు. మూడు నెలల్లో హెచ్‌బీఏ1సీ (సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 9.2 నుంచి 6.1కి దిగింది, పదకొండు కిలోలు తగ్గాను. మా డాక్టరు మాత్రం "దీనికి రీసెర్చ్ లేదు" అంటాడు. నా ఒళ్లు రీసెర్చ్ కాదా?

లెక్కలమాస్టారు:
తగ్గలేదని ఎవరన్నారండీ? దేనివల్ల తగ్గిందో చెప్పండి. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే ట్రయల్ ఫలితాలు 2017లో వచ్చాయి. టైప్ 2 షుగర్ జబ్బు ఉన్న 306 మందిలో సగం మందికి రోజుకు 850 కేలరీల షేకులు, సూపులే ఇచ్చారు. ఏడాదికి వాళ్లలో 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. ఆ కేలరీల్లో సగానికి పైగా పిండిపదార్థాలవే! మరి మీ కొబ్బరినూనె గొప్పదనం ఎక్కడ?

రాజమండ్రి_పద్మ:
గానుగ నూనేనా, ప్యాకెట్‌దా అండీ?

గోదారబ్బాయి:
గానుగదేనండి. మాస్టారూ, కడుపు మాడ్చుకుంటే ఎవరికైనా తగ్గుతుంది. నాకసలు ఆకలే వెయ్యలేదు. ఈ డైట్ చేసే మా గ్రూపులో వందల మంది ఇదే మాట చెబుతారు.

లెక్కలమాస్టారు:
మధ్యలో మానేసినవాళ్లు గ్రూపులో ఎందుకుంటారు? స్టాన్‌ఫర్డ్‌వాళ్లు 609 మందిలో సగం మందికి కొవ్వు, సగం మందికి పిండిపదార్థాలు తగ్గించి చూశారు. 2018లో వచ్చింది. ఏడాదికి రెండు గుంపుల సగటు తేడా కిలో కూడా లేదు. కానీ రెంటిలోనూ పాతిక కిలోలు తగ్గినవాళ్లున్నారు, బరువు పెరిగినవాళ్లూ ఉన్నారు. పెరిగినవాడు వీడియో చెయ్యడు.

సన్నీ_హైద్:
పదకొండు కిలోల్లో ఒంట్లోంచి పోయిన నీళ్లెంత బ్రో?

గోదారబ్బాయి:
నీళ్లకి ప్యాంటు నాలుగంగుళాలు వదులవ్వదు తమ్ముడూ.

కారంపొడి:
రీసెర్చ్‌ని నెత్తిన పెట్టుకోకండి. చక్కెర పరిశ్రమ డబ్బు తీసుకుని హార్వర్డ్‌వాళ్లు 1967లో తప్పంతా కొవ్వు మీదికి నెట్టారు. 2016లో గానీ బయటపడలేదు.

లెక్కలమాస్టారు:
నిజమే. ఆ పరిశ్రమ పాత ఉత్తరాలు తవ్వి బయటపెట్టిందీ పరిశోధకులే. కొబ్బరినూనె ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, పెంచుతుందని కూడా ట్రయల్స్ ఉన్నాయి. గోదారబ్బాయి గారూ, కొలెస్ట్రాల్ చూసే లిపిడ్ టెస్టు చేయించారా?

గోదారబ్బాయి:
లేదు. అసలు మీకెందుకింత మంట?

లెక్కలమాస్టారు:
మంటే! మా బావ ఇలాంటి వీడియో చూసే ఇన్సులిన్ ఆపేశాడు. మూడో వారం ఐసీయూ. మా అక్క గాజులు తాకట్టులో ఉన్నాయి ఇప్పటికీ.

కారంపొడి:
ఇదీ ఒక్కరి అనుభవమే కదా మాస్టారూ?

లెక్కలమాస్టారు:
అవును. అయినా మర్చిపోలేను.

గోదారబ్బాయి:
సారీ అండీ, తెలీక అన్నాను. ఇన్సులిన్ ఆపమని నేనెవరికీ చెప్పను. కానీ ఆరేళ్లు ఒకే డాక్టరు దగ్గరికి తిరిగా. వెళ్లినప్పుడల్లా రెండు నిమిషాలు, ఇంకో టాబ్లెట్. ఏం తింటున్నావని ఒక్కసారి అడగలేదు. అడిగింది ఈ గ్రూపువాళ్లే. మీ బ్రిటన్ ట్రయల్‌లో వాళ్లని ఎవరైనా కనిపెట్టుకుని ఉన్నారా?

లెక్కలమాస్టారు:
ఉన్నారు. నర్సులు, డైటీషియన్లు. అయినా రెండో ఏడాదికి 46 కాస్తా 36 అయింది.

గోదారబ్బాయి:
మాకు ఆ నర్సు కూడా లేదు కదండీ.

లెక్కలమాస్టారు:
అది ఒప్పుకుంటా. లిపిడ్ మాత్రం చేయించండి. ఎంతొచ్చినా ఇక్కడ పెట్టాలి.

గోదారబ్బాయి:
సోమవారం పరగడుపున వెళ్తా.

రాజమండ్రి_పద్మ:
గానుగ నూనె లీటరు ఎంత పడుతోందండీ?