కాండిన్‌స్కీ పద్ధతి సాధన: అట్ట మీద తైలవర్ణాలు పాలిపోతున్నాయి

రష్యన్ చిత్రకారుడు వాసిలీ కాండిన్‌స్కీ 1908, 1909లలో బవేరియాలోని ముర్నావ్‌లో వేసిన ప్రకృతి దృశ్యాల పద్ధతిని సాధన చేస్తున్నాను. ఊదా కొండ, నారింజ దారి, నీలి నీడలు, కుంచె పూతల మధ్య అక్కడక్కడ తొంగిచూసే ఉత్త అట్ట. నాకు ఆ ఖాళీలే ముఖ్యం. వాటిని కప్పేస్తే అది క్యాలెండర్ బొమ్మే.

ఆయన అట్ట మీద చాలా వేశారు కాబట్టి నేనూ 3 మిల్లీమీటర్ల బైండింగ్ అట్ట మీద తైలవర్ణాలు వాడుతున్నాను. వేసేటప్పుడు రంగులు నిండుగా ఉంటాయి. మర్నాటికి నూనె అట్టలోకి ఇంకిపోయి అల్ట్రామెరైన్ నీలం, ఎలిజరిన్ ఎరుపు సుద్ద పూసినట్టు వెలవెలబోతున్నాయి. కాడ్మియం పసుపు పరవాలేదు. ప్రతి పూత చుట్టూ నూనె మరక మాత్రం తప్పడం లేదు.

తెల్ల జెస్సో (రంగులకు ముందు వేసే అస్తరు) రెండు పూతలు వేసి చూశాను. మెరుపు నిలిచింది గాని అట్ట రంగే పోయింది. పైగా కుంచె జారి, ఊదా నారింజలో కలిసి బురదైంది. అవిసె నూనె ఎక్కువ కలిపితే మరక ఇంకా పాకింది. ఆరాక, వెలిసిన రంగులకు మెరుపు తెచ్చే పలుచటి రీటచింగ్ వార్నిష్ పూస్తే రంగులు తేరుకున్నాయి, ఖాళీగా వదిలిన అట్ట నల్లబడింది.

ఇక మిగిలినవి పలుచటి జిగురు, స్పిరిట్‌లో కరిగించిన లక్క, పారదర్శకమైన యాక్రిలిక్ మీడియం. అట్ట సహజ రంగు, కుంచెకు కాస్త పట్టు చెడకుండా నూనె ఇంకడాన్ని ఆపాలంటే, వీటిలో ఏది ఎంత పలుచన చేసి పూయాలి?