ఉదయగిరి గరిటె కళ అవుతుందా, వట్టి పనితనమేనా?

పెన్నా గట్టు (నెల్లూరు):
మా కాలనీలో పిల్లలకు ఆర్ట్ పోటీ పెట్టారు. ఉదయగిరి నుంచి వచ్చి స్థిరపడ్డ ఇంటి అమ్మాయి ఒకతె బొమ్మ గీయకుండా, అమ్మమ్మ దగ్గర నేర్చుకుని తనే చెక్కిన కొయ్య గరిటె తెచ్చింది. పిడి నిండా తీగలు, చివర చిన్న చేప. కమిటీవాళ్ళు బాగుంది బాగుంది అంటూనే "ఇది క్రాఫ్ట్ అమ్మా, ఆర్ట్ కాదు" అని పక్కన పెట్టేశారు. ప్రైజు కొబ్బరిచెట్టు, గుడిసె, సూర్యోదయం బొమ్మకు పోయింది. ఆ పిల్లాడి మీద నాకేం కోపం లేదు. కానీ కాగితం మీద రంగుంటే కళ, దాంతో కూర వడ్డించుకోగలిగితే కాదు అనే ఈ లెక్క ఎక్కడిది? రెండ్రోజులుగా ఇదే బాధగా ఉంది.

రామాయపట్నం కుర్రాడు:
కమిటీ చేసింది కరెక్టే అన్నా. అమ్మాయి కష్టాన్ని తక్కువ చేయడం లేదు. గరిటె వడ్డించడానికి పుట్టింది, ఆ పైన అందం చేరింది. కళంటే పనితనం ఒక్కటే కాదు, చేసినవాళ్ళు మనతో ఏదో చెప్పుకోవాలి. మా బాబాయి వెల్డింగ్ చేసే గేట్లు కూడా చాలా బాగుంటాయి, అవీ కళేనా? అన్నీ కళే అంటే ఇక ఆ మాట ఎందుకు?

కనిగిరి మాస్టారు:
అబ్బాయ్, వాత్స్యాయనుడు చెప్పిన 64 కళల జాబితా చూడు. గానం, నాట్యం, చిత్రలేఖనంతో పాటు వడ్రంగం ఉంది, కుట్టుపని ఉంది, పూలదండలు కట్టడం, వంట కూడా ఉన్నాయి. గోడకు తగిలించేది గొప్పదని, ఇంట్లో వాడేది తక్కువదని మన పెద్దలు గీత గీయలేదు.

రామాయపట్నం కుర్రాడు:
మాస్టారూ, ఆ జాబితాలోనే కోడిపందేలు, జూదం కూడా ఉన్నాయి. అట్లాగని సంక్రాంతి బరిని కళావేదిక అంటామా? అప్పట్లో నేర్చుకోదగిన విద్య ఏదైనా కళే. మనం ఇప్పుడు మాట్లాడుకునేది అది కాదు.

పెన్నా గట్టు:
సరే, జాబితా వదిలేద్దాం. 1926లో బ్రాంకూసి అనే శిల్పి చేసిన 'అంతరిక్షంలో పక్షి' కంచు శిల్పం న్యూయార్క్ చేరితే అక్కడి కస్టమ్స్‌వాళ్ళు అది శిల్పం కాదన్నారు. రెక్కల్లేవు, ముక్కు లేదు, నున్నగా పొడుగ్గా ఉంది. వంటింటి పాత్రలు, ఆసుపత్రి సామాను లెక్కలో రాసి 40 శాతం సుంకం వేశారు. కోర్టుకు పోతే 1928లో అది కళాఖండమేనని తీర్పొచ్చింది. చూసేవాళ్ళ అలవాటును బట్టి పక్షి గరిటె అయిపోయింది, అదే వస్తువు రెండేళ్ళకు శిల్పమైంది. వస్తువులో మార్పేమీ లేదు గదా.

రామాయపట్నం కుర్రాడు:
ఆ కేసు నాకూ తెలుసు, అది నా వైపే ఉంది. వాడుకునే వస్తువులు శిల్పం కిందికి రావని వాళ్ళ సుంకం చట్టంలోనే ఉంది. ఆ పక్షి ఏ పనికీ రాదు కాబట్టే గెలిచింది.

పెన్నా గట్టు:
అది పన్ను వేయడానికి రాసుకున్న చట్టం తమ్ముడూ. పన్ను కోసం పెట్టిన గీతను నెల్లూరులో పన్నెండేళ్ళ పిల్ల ముందు ఎందుకు గీయాలి?

దుర్గం కోడలు (ఉదయగిరి):
మా అత్తగారింట్లో ఇదే పని కాబట్టి చెప్తున్నా. నార్ది, బిక్కి, పాలబరికి, ఈ కట్టెలన్నీ మా దుర్గం కొండల్లోవే. మేం కళాకారులమని ఎప్పుడూ చెప్పుకోలేదు, ఎవరూ అనలేదు కూడా. కుర్రాడన్న అడిగాడే, చేసినవాళ్ళు ఏదో చెప్పాలని. మా అత్త తీగ తిప్పే తీరు వేరే, పక్కింటామె తీరు వేరే, ఒక గరిటె చేతికిస్తే ఇది ఎవరి చెయ్యో మేం చెప్పేస్తాం. బయటివాళ్ళకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఎందుకంటే రెండు నిమిషాలు చూసినవాళ్ళు లేరు. జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు, వచ్చింది, సంతోషమే, దాంతో ఊరికి పేరొచ్చింది. చేసిన మనిషి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. ఎగ్జిబిషన్‌లో పెయింటింగ్ కింద పేరుంటుంది, దాని దగ్గర బేరం ఆడరు. మా స్టాల్ దగ్గరకొచ్చి యాభై తగ్గించమంటారు.

పెన్నా గట్టు:
అక్కా, అసలు సంగతి నువ్వే చెప్పావు. 1917లో డుషాం అనే ఆర్టిస్టు ఫ్యాక్టరీలో తయారైన మూత్రశాల తొట్టి ఒకటి కొని, దాని మీద 'ఆర్. మట్' అని దొంగ సంతకం పెట్టి ప్రదర్శనకు పంపాడు. అప్పుడు దాన్ని ప్రదర్శనలో పెట్టలేదు, ఇప్పుడు ఆధునిక కళ గురించి ఏ పుస్తకం తీసినా ఉంటుంది. ఆయన ఆలోచనను నేను తక్కువ చేయను. కానీ చేత్తో చేయని వస్తువు కూడా ఒక పేరుతో కళ కాగలిగినప్పుడు, మొత్తం చేత్తో చెక్కిన దానికి పేరే లేకుండా చేసి, పైగా కళ కాదనడం అన్యాయం. ఈసారి కమిటీని నేను అడగబోయేది ఇదే: బొమ్మ, గరిటె, కుట్టు ఏదైనా తీసుకోండి, కింద పిల్లల పేరు, నేర్పినవాళ్ళ పేరు రాయండి.

రామాయపట్నం కుర్రాడు:
పేరు రాయాలన్న దానికి ఒప్పుకుంటా. కళ అన్నదానికి ఇంకా ఒప్పుకోను. అట్లయితే మా బాబాయి గేటు మీద కూడా పేరు రాయించమంటారా?

దుర్గం కోడలు:
రాయించు అన్నా. ఎవరు చేశారో తెలిస్తే పక్కవీధివాళ్ళు గేటు కోసం నేరుగా ఆయన దగ్గరికే వస్తారు.